బోస్టన్ పెద్దలు వేరు, పిల్లలు వేరు

అమెరికాలోని బోస్టన్‌లో హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు, లాటినోలు అని కూడా అంటారు) కాని తెల్లవాళ్ల వాటా 2000 జనగణనలో మొదటిసారి సగానికి దిగువకు వచ్చింది. 2020 నాటికి నగర జనాభా 6,75,647. అందులో వాళ్లు దాదాపు 45 శాతం. అయితే ఈ సగటు ఒక పెద్ద తేడాను కప్పేస్తుంది. పెద్దల్లో వాళ్ల వాటా ఇంతకన్నా ఎక్కువ, పిల్లల్లో బాగా తక్కువ. ప్రభుత్వ బడుల్లోనైతే సుమారు ఏడుగురిలో ఒక్కరే తెల్ల విద్యార్థి. లాటినో పిల్లలు 40 శాతం పైనే. ప్రైవేటు బడులకు వెళ్లేవాళ్లు ఈ లెక్కలోకి రారు కాబట్టి తేడా కాస్త పెద్దదిగా కనబడుతుంది, నిజమే. కానీ తేడా మాత్రం ఉంది.

దీనికి ఒక కారణం దేశమంతటా ఉన్నదే. 2018లో అమెరికాలోని తెల్లవాళ్లలో ఎక్కువమంది ఉన్న వయసు 58 ఏళ్లు, హిస్పానిక్‌లలో 11. వయసు మళ్లిన సమూహంలో కాన్పులు తక్కువ, పడుచుదనం ఉన్న సమూహంలో ఎక్కువ. కొత్తగా ఒక్కరూ వలస రాకపోయినా పిల్లల్లో మార్పు ముందుగా కనిపిస్తుంది.

రెండో కారణం నగరాలది, నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది ఇదే. బోస్టన్‌కు చదువు కోసం, ఉద్యోగం కోసం ఏటా వేలమంది యువతీయువకులు వస్తారు. వాళ్లలో తెల్లవాళ్లు చాలామంది. పెళ్లయి, పిల్లలు బడి ఈడుకొచ్చేసరికి ఎంతోమంది శివారు ఊళ్లకు మారిపోతారు. బడుల్లో జాతి విభజనను తొలగించడానికి పిల్లల్ని బస్సుల్లో వేరే పేటల బడులకు పంపాలని 1974లో కోర్టు ఆదేశించాక ఈ వలస ఇంకా పెరిగింది. మరోవైపు, ఇక్కడే పుట్టి పెరిగిన నల్లజాతి, లాటినో కుటుంబాలు అద్దెలు భరించలేక బ్రాక్టన్ లాంటి ఊళ్లకు వెళ్తున్నాయి.

అందుకే ఇవాళ్టి పిల్లల లెక్క చూసి ఇరవై ఏళ్ల తర్వాత నగరం ఇలాగే ఉంటుందని చెప్పడం తప్పు. దేశం విషయంలో ఆ అంచనా కొంతవరకు పనికొస్తుంది, ఎందుకంటే పిల్లల్లో ఎక్కువమంది దేశంలోనే పెద్దవాళ్లవుతారు. నగరంలో అలా కాదు. నేటి పిల్లలు వెళ్లిపోవచ్చు, రేపటి పెద్దలు ఇంకెక్కడో పెరుగుతూ ఉండొచ్చు.

వేర్వేరు జనగణనల అంకెలను పోల్చడంలో ఇంకో చిక్కుంది. ఒకటికి మించి జాతులు రాసుకున్నవాళ్లు దేశంలో 2010లో 90 లక్షలు, 2020లో 3.38 కోట్లు. ఈ పెరుగుదలలో చాలా భాగం జవాబులు నమోదు చేసే పద్ధతి మారడం వల్ల వచ్చింది.

ఇది అంకెల గొడవ మాత్రమే కాదు. 1992 నుంచి బోస్టన్ ప్రభుత్వ బడులను చూసుకునే కమిటీని మేయరే నియమిస్తున్నారు. మేయర్‌ను ఎన్నుకునే పెద్దలూ ఆ బడుల్లో చదివే పిల్లలూ చాలావరకు వేర్వేరు సమూహాలవాళ్లు. ఆ పిల్లల తల్లిదండ్రుల్లో పౌరసత్వం లేనివాళ్లకు ఓటు కూడా లేదు.