స్కూలు పిల్లల ఫ్లూ: అపోహలు, వాస్తవాలు

అపోహ: వానలో తడిస్తే ఫ్లూ వస్తుంది.

తడిసినంత మాత్రాన వైరస్ పుట్టదు. ఎవరో ఒకరి నుంచి అంటుకోవాల్సిందే. వానాకాలంలో కేసులు పెరిగే మాట నిజమే. విశాఖలో చినుకు పడగానే స్కూలు ఆటోకి రెండు పక్కలా పరదాలు దించేస్తారు. లోపల పిల్లలు మోకాలికి మోకాలు తగిలేలా ఎదురెదురుగా కూర్చుంటారు. మద్దిలపాలెం నుంచి మధురవాడ దాకా అందరూ పీల్చేది ఆ కాస్త గాలే, అందులో ఒకడు దగ్గుతూ ఉంటాడు. జల్లు కొట్టని వైపు పరదా జానెడు పైకి చుట్టమని డ్రైవరుకు చెప్పండి. ఏసీ క్లాసులోనూ ఒక కిటికీ తీసి ఉంచాలి. ఐస్‌క్రీమ్ మీద వేసే నింద కూడా ఈ బాపతే.

అపోహ: జ్వరం తగ్గింది కదా, బడికి పంపొచ్చు.

అసలు కొంప మునిగేది ఇక్కడే. పొద్దున్న పారాసిటమాల్ సిరప్ పడుతుంది, ఒళ్లు చల్లబడుతుంది, పిల్లాడు ఆటో ఎక్కేస్తాడు. మందు పనిచేసేది నాలుగు నుంచి ఆరు గంటలే. లంచ్ బెల్లు కొట్టేసరికి ఒళ్లు మళ్లీ కాలిపోతూ ఉంటుంది. మందు వేయకుండానే 24 గంటలు జ్వరం రాకపోతే అప్పుడు పంపండి, యూనిట్ టెస్ట్ ఉన్నా సరే. లక్షణాలు కనిపించడానికి ఒక రోజు ముందు నుంచే వైరస్ బయటికి వస్తుంది. సాధారణంగా మరో 5-7 రోజులు, చిన్నపిల్లల్లో 10 రోజులు దాటి కూడా వస్తూనే ఉంటుంది.

సిరప్ మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకు 15 మిల్లీగ్రాములు. అంటే 20 కిలోల పిల్లకు 300. సీసా మీద 5 మి.లీ.లో 250 అని ఉంటే 6 మి.లీ., 120 అని ఉంటే 12.5 మి.లీ. సీసా మారినా పాత లెక్కే వేస్తే మందు సగమో రెట్టింపో అవుతుంది. ఆరు గంటల ఎడం, రోజుకు నాలుగు సార్లకు మించకూడదు. కొన్ని జలుబు సిరప్‌లలోనూ పారాసిటమాల్ ఉంటుంది, లేబుల్ చూడండి. ఆస్పిరిన్ పిల్లలకు వద్దు.

అపోహ: ఇంట్లో ఒకరికొస్తే అందరికీ రావాల్సిందే.

అక్కర్లేదు. సోకాక 1-4 రోజుల్లో, ఎక్కువగా రెండో రోజుకు బయటపడుతుంది. జ్వరమొచ్చిన మనవణ్ణి నానమ్మ పక్కలో పడుకోబెట్టడం మానండి. వేరే గది లేకపోతే కిటికీ దగ్గర పడక, ఇద్దరికీ మాస్కు, వేరే తువ్వాలు. స్టీలు, ప్లాస్టిక్ మీద వైరస్ 24-48 గంటలు ఉండగలదు. టీవీ రిమోట్‌ను మాత్రం ఎవరూ తుడవరు!

ఆ ఇంట్లో గర్భిణి, వృద్ధులు, రెండేళ్లలోపు పిల్లలు, షుగరు లేదా ఆస్తమా ఉన్నవాళ్లు ఎవరికైనా జ్వరం తగిలితే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. ఫ్లూ వైరస్ మీద పనిచేసే ఒసెల్టామివిర్ అనే మందు మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్ ఫ్లూ వైరస్‌ను ఏమీ చేయదు.

అపోహ: టీకా వేయిస్తే ఫ్లూ వచ్చింది.

ఇంజెక్షన్‌లో ఉండేది చచ్చిన వైరస్, అది ఫ్లూ తేలేదు. రక్షణకు రెండు వారాలు పడుతుంది, ఈలోపు బయట అంటుకుంటే నింద టీకా మీద పడుతుంది. ఆరు నెలలు నిండినవాళ్లకు ఏటా వేయించాలి. తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటిసారి అయితే నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు. వేసవి సెలవుల్లోనే మొదలుపెడితే బడులు తెరిచేనాటికి రక్షణ ఉంటుంది.

అపోహ: ఫ్లూ అంటే జలుబే.

కాదు, ఫ్లూ ప్రమాదకరంగా ముదరొచ్చు. ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింద లోతు పడినా, పెదాలు నీలమైనా, 8 గంటలు ఉచ్చ పోయకపోయినా, తగ్గిన జ్వరం, దగ్గు ఇంకా ఎక్కువై తిరగబెట్టినా తెల్లారేదాకా ఆగొద్దు. విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) గానీ, దగ్గర్లో పిల్లల ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రి గానీ, అప్పుడే బయల్దేరండి.