అరవై అయిదు ఎక్కడి నుంచి వచ్చింది?

రిటైర్మెంట్ వయసు పెంచాలన్న మాట వస్తే చాలా దేశాల్లో వాదన 65 చుట్టూ తిరుగుతుంది. మనిషి ఒంట్లో సత్తువ ఎప్పటిదాకా ఉంటుందో పరీక్షించి ఎవరో తేల్చిన హద్దు కాదది. ఖజానా లెక్కల్లో పుట్టిన అంకె.

1889లో జర్మనీ తెచ్చిన వృద్ధాప్య బీమా చట్టం పింఛను వయసును 70గా పెట్టింది. కార్మికుడూ యజమానీ చెరిసగం చందా కట్టాలి, ప్రభుత్వం కొంత కలుపుతుంది. ఆ చట్టం తెచ్చిన జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ తన వయసు చూసుకుని 65 పెట్టాడని ఇప్పటికీ చెబుతుంటారు. అప్పటికి ఆయనకు 74 ఏళ్లు. అక్కడ 65 వచ్చింది 1916లో. బ్రిటన్ 1908 చట్టం కూడా 70తోనే మొదలైంది.

1935లో అమెరికా చట్టం చేసేనాటికి అక్కడి రాష్ట్రాల పథకాలు కొన్ని 65, కొన్ని 70 అంటున్నాయి. చందాలతో 65ను మోయగలమని లెక్కగట్టి దాన్నే ఖాయం చేశారు. 1940 జనవరిలో మొదటి నెలవారీ చెక్కు ఐడా మే ఫుల్లర్‌కు అందింది: 22.54 డాలర్లు. ఆమె కట్టిన చందా మొత్తం 24.75 డాలర్లే. నూరేళ్లు బతికి, 22,888.92 డాలర్లు అందుకుంది. ఆ తేడాను భరించింది అప్పుడు పనిలో ఉన్నవాళ్లు. కట్టేవాళ్లు ఎక్కువ, తీసుకునేవాళ్లు తక్కువగా ఉన్నన్నాళ్లూ అది భారం అనిపించలేదు. కాన్పులు తగ్గి ఆయుష్షు పెరిగాక 1983లో, 1960 నుంచి పుట్టినవారికి పూర్తి పింఛను వయసును 67 చేశారు.

కంపెనీ పింఛన్ల కథ ఇంకా బాధాకరం. 1963లో అమెరికాలో స్టూడ్‌బేకర్ సంస్థ సౌత్ బెండ్ కార్ల ఫ్యాక్టరీని మూసేసినప్పుడు, 60 నిండనివారిలో దాదాపు 4,000 మందికి రావాల్సిన దాంట్లో 15 శాతమే దక్కింది. ఏళ్ల తరబడి చేసిన చాకిరీకి అదా ప్రతిఫలం! ఆ గాయమే 1974 నాటి పింఛను రక్షణ చట్టానికి ఒక కారణం. ఆ తర్వాత చాలా కంపెనీలు హామీ పింఛను వదిలి, ఎవరి పొదుపు వారిదే అన్న ఖాతాలకు మారాయి. మార్కెట్ పడితే నష్టం ఉద్యోగిదే.

2025లో డెన్మార్క్ పార్లమెంటు 2040 నుంచి 70 అని తీర్మానించింది. జర్మనీ మొదలుపెట్టిన చోటికే వచ్చాం. ఆయుష్షు పెరిగిందన్నది నిజమే, కానీ బల్ల ముందు కూర్చునేవారికీ బరువులు మోసేవారికీ అది ఒకేలా పెరగలేదు. ఈ తేడాను గుర్తించి ఫ్రాన్స్ 2015 నుంచి కష్టమైన పనులకు పాయింట్లు ఇచ్చింది. వాటితో ముందే విరమించవచ్చు. కొలవడం కష్టమని యజమానులు పట్టుబట్టారు. 2017లో ఆ పాయింట్ల జాబితా నుంచి బరువులు మోయడాన్ని తీసేశారు.