పొగ తగ్గిన ఆదివారం ఓజోన్ ఎందుకు పెరిగింది?

లాస్ ఏంజెలెస్‌లో ఆదివారం డీజిల్ లారీలు తక్కువ తిరుగుతాయి. వాటి పొగలో వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లూ ఆ మేరకు తగ్గుతాయి. అయినా ఏళ్ల తరబడి అక్కడి కొలతల్లో ఓజోన్ (నేల దగ్గర పీల్చితే ఊపిరితిత్తులకు చెడు చేసే వాయువు) మామూలు రోజులకన్నా ఆదివారమే ఎక్కువ కనిపించింది. 2020 లాక్‌డౌన్‌లోనూ చాలా నగరాల్లో ఇదే తంతు.

ఓజోన్ ఏ సైలెన్సర్‌లోంచీ రాదు, ఎండలో తయారవుతుంది. ఇంజన్ వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి ముందు నైట్రిక్ ఆక్సైడ్, తర్వాత నైట్రోజన్ డయాక్సైడ్ పుడతాయి. మిట్టమధ్యాహ్నపు ఎండలో డయాక్సైడ్ అణువు రెండు మూడు నిమిషాల్లోనే విరిగి ఒక ఆక్సిజన్ పరమాణువును వదులుతుంది. అది ఆక్సిజన్ అణువుతో కలిస్తే ఓజోన్. మిగిలిన నైట్రిక్ ఆక్సైడ్ ఊరుకోదు, ఆ ఓజోన్‌నే తినేసి మళ్లీ డయాక్సైడ్ అవుతుంది. ఇంతవరకే అయితే లెక్క సున్నా.

ఆ లెక్క తప్పించేవి పెట్రోలు ఆవిరి, పెయింట్ థిన్నర్, ఎండ ముదిరేకొద్దీ చెట్లు ఎక్కువగా విడిచే ఐసోప్రీన్. ఇవి గాలిలో ఉండే హైడ్రాక్సిల్ రాడికల్ (దేనితోనైనా చటుక్కున కలిసిపోయే చురుకైన అణుశకలం) దెబ్బకి పెరాక్సీ రాడికల్స్ అనే అలాంటి శకలాలుగా మారి, ఓజోన్ ఖర్చు లేకుండానే నైట్రిక్ ఆక్సైడ్‌ను డయాక్సైడ్ చేసేస్తాయి. తినేవాళ్లు లేక ఓజోన్ పోగుపడుతుంది.

డయాక్సైడ్ మరీ ఎక్కువైతే కథ మారుతుంది. అది హైడ్రాక్సిల్‌నే పట్టుకుని నైట్రిక్ ఆమ్లమైపోతుంది, ఓజోన్ తయారీ మందగిస్తుంది. రద్దీ నగరాల నడిబొడ్డు చాలాసార్లు ఈ స్థితిలోనే ఉంటుంది. అక్కడ నైట్రోజన్ ఆక్సైడ్లను కొద్దిగా తగ్గిస్తే ఓజోన్ పెరుగుతుంది, బాగా తగ్గిస్తేనే దిగుతుంది. ఆవిర్లను వదిలేసి లారీల మీదే పడితే ఫలితం ఆలస్యమవడం అందుకే. లాస్ ఏంజెలెస్‌లో నైట్రోజన్ ఆక్సైడ్లు ఏటేటా తగ్గేకొద్దీ ఆదివారం తేడా కూడా పలచబడింది.

కూడలిలో పెట్టిన యంత్రం ఓజోన్‌ను తక్కువ చూపిస్తుంది, పక్కనే పొగ దాన్ని తినేస్తోంది కాబట్టి. నగరం మీదుగా గాలి వెళ్లే దిక్కున ఉన్న శివారు పార్కు శుభ్రంగా కనిపించినా అక్కడే ఎక్కువ ఉండొచ్చు. మనదేశంలో 8 గంటల సగటుకు పరిమితి ఘనమీటరుకు 100 మైక్రోగ్రాములు. ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) అంకె అన్నింటిలోకీ చెడ్డ కాలుష్యకారకానిదే. ధూళి ఎక్కువున్న రోజున ఓజోన్ దాని వెనక దాక్కుంటుంది. యాప్‌లో ఓజోన్ వరుస విడిగా చూడాలి. మామూలు ఎన్‌95 మాస్కు ధూళిని ఆపుతుంది గానీ ఈ వాయువును ఆపదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా పరుగులు మానుకోవడమే దారి. పెట్రోలు చీకటిపడ్డాక కొట్టించండి. అప్పుడు కారే ఆవిరిని ఓజోన్‌గా మార్చే ఎండ ఉండదు, తెల్లారేలోగా కొంత చెదిరిపోతుంది.