"మిక్సింగ్‌లో చూసుకుందాం అన్నా": తొలి మెటల్ రికార్డింగ్‌పై అపోహలు - వాస్తవాలు

నేను మిక్సింగ్ చేస్తుంటాను, అంటే విడివిడిగా రికార్డ్ చేసిన వాయిద్యాలను కలిపి ఒక ట్రాక్‌గా కుదర్చడం నా పని. పోయిన నెల ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, మాది ఇన్‌స్ట్రుమెంటల్ మెటల్ బ్యాండ్, సింగర్ లేడు. ఆరు ట్రాకులు రికార్డ్ చేసేశాం. గిటార్లు కొంచెం అటూ ఇటూ ఉన్నాయి, మిక్సింగ్‌లో చూసుకుందాం." ఫోల్డర్ తెరిచి పది సెకన్లు విన్నాను. ఎడమ గిటార్ ఒక శ్రుతి, కుడి గిటార్ ఇంకో శ్రుతి. బేస్ దాని దారిన అది.

అపోహ: తప్పులుంటే మిక్సింగ్‌లో సరిచేయొచ్చు.

చేయలేం. ఇది నేను వారానికోసారైనా చెప్తాను. గొంతు ఒకసారికి ఒకే స్వరం పాడుతుంది కాబట్టి సాఫ్ట్‌వేర్‌తో కాస్త లాగి శ్రుతిలో కూర్చోబెట్టొచ్చు. డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) పడిన పవర్ కార్డ్, అంటే ఒకేసారి మీటిన రెండు మూడు తీగల మోత, అలా కాదు. రెండు మూడు తీగలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కొత్త ధ్వనులు పుడతాయి. అందులో ఒక తీగ దిగిపోయి ఉంటే దాన్ని మాత్రం పైకి లాగమనడం, కలిపిన పిండిలోంచి ఉప్పు ఏరమనడమే.

పైగా మనవాళ్లంతా ట్యూనింగ్ దించేస్తారు. మామూలు గిటార్‌లో అన్నిటికంటే లావైన 'E' తీగ 82 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, దాన్ని 'A' స్వరం దాకా దించితే (దీన్నే డ్రాప్ A అంటారు) 55. వదులైన తీగను గట్టిగా కొడితే ముందు శ్రుతి పైకి ఎగిరి, తర్వాత కిందికి దిగుతుంది. మెల్లగా మీటి ట్యూనర్‌లో పచ్చలైటు చూసుకుని, రిఫ్‌ని (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్కని) మాత్రం బాదితే శ్రుతి ఎలా నిలుస్తుంది? రిఫ్ ఎంత బలంతో వాయిస్తారో అంతే బలంతో ట్యూన్ చేయండి. ప్రతి టేక్‌కీ ముందు చేయండి. లావు తీగలు వేయించి, పన్నెండో ఫ్రెట్ దగ్గర ఇంటొనేషన్ (మెడ పొడవునా శ్రుతి సరిగ్గా ఉందో లేదో) చూపించుకోండి. యాంప్ సౌండ్‌తో పాటు డీఐ ట్రాక్ (యాంప్ లేకుండా గిటార్ నుంచి నేరుగా తీసిన రికార్డింగ్) కూడా విడిగా దాచండి. అదుంటే టోన్ నేను మార్చగలను. వాయించినది మార్చలేను.

ఇంకో ముచ్చట. ఆ కుర్రాడి రెండో ట్రాక్‌లో ఎడమ, కుడి గిటార్లు అచ్చం ఒకేలా ఉన్నాయి. కాపీ పేస్ట్! ఒకే టేక్ రెండువైపులా పెడితే వెడల్పు రాదు, మధ్యలోనే ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది, అంతే. రిఫ్‌ని రెండుసార్లు విడివిడిగా వాయించాలి. వేళ్లు నొప్పి పుడతాయి, నిజమే.

నవ్వుతున్నానని అనుకోకండి. కాలేజీ రోజుల్లో మా బ్యాండ్ కూడా ఇలాగే చేసింది. ఆర్నెల్ల నాటి తీగలతో నాలుగు పాటలు రికార్డ్ చేసి, మిక్సింగ్‌కి రెండుసార్లు డబ్బు కట్టి, చివరికి ఎవరికీ వినిపించకుండా దాచేశాం. కొత్త తీగల సెట్ కొనడానికి బద్ధకించాం. మిక్సింగ్‌కి పోయిన డబ్బుతో అలాంటివి ఎన్ని సెట్లు వచ్చేవో మా బేసిస్ట్ ఇప్పటికీ లెక్క చెప్తాడు.

అపోహ: సింగర్ లేడు కాబట్టి పని సగమే.

తలకిందులుగా ఉంది. గొంతు ఉంటే చెవి దాని వెంట పోతుంది, వెనకాల చిన్న తప్పులు కొట్టుకుపోతాయి. లేనప్పుడు లీడ్ గిటారే గొంతు. దానికి రిథమ్ గిటార్లు చోటివ్వాలి, గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) తగ్గించాలి. ఈ మాట అంటే గిటారిస్టులు అలుగుతారు.

అపోహ: మెటల్‌కి ఆద్యులైన ఇంగ్లండ్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బమ్ ఒక్కరోజులో అయింది, మాదీ అవుతుంది.

1969 అక్టోబరులో, లండన్‌లో, నిజంగానే ఒక్కరోజులో వాయించేశారు. దానికి ముందు అవే పాటలు క్లబ్బుల్లో ఎన్ని రాత్రులు వాయించారో ఎవరూ అడగరు. మీరు స్టూడియోకొచ్చి బ్రిడ్జ్ (పాట మధ్యలో వచ్చే మలుపు) రాసుకుంటున్నారు, గంటకి బిల్లు పడుతోంది.

అపోహ: నిజమైన డ్రమ్స్, పెద్ద స్టూడియో లేకపోతే పరువు పోతుంది.

సింగర్ లేని మెటల్ బ్యాండ్ యానిమల్స్ యాజ్ లీడర్స్ 2009లో తెచ్చిన తొలి ఆల్బమ్ వినండి. గిటార్లు, బేస్ టోసిన్ అబాసివి, డ్రమ్స్ మీషా మన్సూర్ కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ చేసినవి. ఇంకేమైనా అనుమానమా?

అపోహ: పాడేవాడు లేకపోతే ఎవరూ వినరు.

కర్మా టు బర్న్ అనే అమెరికన్ బ్యాండ్‌ని లేబుల్ ఇలాగే ఒత్తిడి పెట్టి, 1997 తొలి ఆల్బమ్‌కి సింగర్‌ని పెట్టించింది. 1999లో రెండో ఆల్బమ్‌కల్లా గొంతు తీసేసి తమ దారికి తాము వచ్చేశారు.

ఆ కుర్రాడికి ఇదంతా చెప్పాక చాలాసేపు మాట్లాడలేదు. ఇంట్లో దాచి పోగేసిన డబ్బట. "అన్నా, మొత్తం పోయినట్టేనా?" అన్నాడు. డ్రమ్స్ బాగున్నాయి, అవి ఉంచుదాం, గిటార్లు, బేస్ ఇంట్లోనే మళ్లీ వాయించి పంపమన్నాను. డీఐకి స్టూడియో అక్కర్లేదు, చిన్న ఇంటర్‌ఫేస్ చాలు.

కొత్త ఫోల్డర్ నిన్న రాత్రి వచ్చింది. మూడో ట్రాక్‌లో రిఫ్ మొదలయ్యే ముందు ఎవరో గుసగుసగా, "ఇంకోసారి ట్యూన్ చెయ్‌రా, అన్న తిడతాడు" అంటున్నారు. దాన్ని కట్ చేయకుండా అలాగే ఉంచాను.