పదకొండో తరగతి అమెరికా చరిత్ర: వల్లె వేయడం నుంచి వాదించడం దాకా

సెప్టెంబరు వచ్చిందంటే అమెరికా హైస్కూళ్లు ఒక సాయంత్రం తల్లిదండ్రుల్ని బడికి పిలుస్తాయి. చరిత్ర టీచరు చేతికిచ్చిన సిలబస్ కాగితం తిరగేసి మన తెలుగు అమ్మానాన్నలు సాధారణంగా అడిగే ప్రశ్న ఒకటుంది: "టెక్స్ట్‌బుక్ మొత్తం బాగా చదివితే సరిపోదాండీ?" అలా అడగడంలో తప్పేం లేదు. మనం ఖాళీలు పూరించుకుంటూ, బిట్ పేపర్లు వల్లె వేసుకుంటూ పెరిగినవాళ్లం. అశోకుడు బాటలకిరువైపులా చెట్లు నాటించెను అన్న వాక్యం ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాం. ఆ కాగితంలో అడిగేవి వేరు. ఇంటి దగ్గర చదివి నోట్సు రాసుకురావాలి, క్లాసులో చర్చకు నోరు విప్పాలి, ఆనాటి ఉత్తరాలూ ప్రసంగాలూ తీర్పులూ చదివి సొంత వాదన రాయాలి. ఇవన్నీ అక్కడికి చేరడానికి నూట ముప్పై ఏళ్లు పట్టింది. దారి పొడుగునా తగాదాలే.

అమెరికా రాజ్యాంగంలో చదువు ఊసే లేదు. అందుకని అది రాష్ట్రాల వ్యవహారమైంది, రాష్ట్రాల కింద ఊరూరి స్కూల్ బోర్డులదైంది. దేశమంతటికీ ఒకే సిలబస్ అంటూ ఎన్నడూ లేదు. 1892లో హార్వర్డ్ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ నాయకత్వాన పదిమంది సభ్యుల సంఘం హైస్కూల్ చదువుకు ఒక రూపం ఇవ్వబోయింది. చరిత్ర సంగతి తేల్చడానికి మాడిసన్‌లో కూర్చున్న ఉపసంఘంలో, తర్వాతి రోజుల్లో దేశాధ్యక్షుడైన వుడ్రో విల్సన్ కూడా ఉన్నాడు. పుస్తకం వల్లె వేయించే పద్ధతిని ఆ ఉపసంఘం అప్పుడే తప్పుపట్టింది. అంటే మన పిల్లల టీచరు ఇవాళ చెబుతున్నది కొత్త ఫ్యాషనేమీ కాదు. 1916లో ఉపాధ్యాయుల జాతీయ సంఘం వేసిన మరో కమిటీ 'సోషల్ స్టడీస్' అన్న పేరును స్థిరపరిచి, అమెరికా చరిత్రను పదకొండో తరగతిలో పెట్టమంది. చాలా బడుల్లో నేటికీ అక్కడే ఉంది.

ఏ తరగతిలో చెప్పాలో తేలినా, ఏం చెప్పాలో తేలలేదు. అంతర్యుద్ధంలో ఓడిన దక్షిణాది పక్షాన నిలిచిన మహిళా సంఘానికి చెందిన మిల్డ్రెడ్ రూథర్‌ఫర్డ్ 1920 ప్రాంతంలో ఒక కొలబద్ద ప్రచురించింది. దక్షిణాది పోరాడింది బానిసల్ని నిలుపుకోవడానికే అని రాసిన పుస్తకం ఏదైనా సరే తిరస్కరించండి అని ఆమె బడులకూ లైబ్రరీలకూ చెప్పింది. ఎన్ని తరాల పిల్లలు ఆ కొలతకు సరిపోయేలా కత్తిరించిన చరిత్ర చదివారో తలుచుకుంటే బాధేస్తుంది. టీచరు మూల పత్రం పిల్లల చేతికివ్వాలని పట్టుబట్టడం ఎందుకో నాకు ఇక్కడే అర్థమైంది. పాఠ్యపుస్తకాన్ని ఎవరైనా కత్తిరించగలరు. దేశం నుంచి విడిపోతున్నామని 1861లో దక్షిణాది రాష్ట్రం మిసిసిపి చేసిన ప్రకటనలో మాత్రం బానిసత్వం గురించి వాళ్ల మాటల్లోనే ఉంది, కళ్లారా చదువుకోవచ్చు.

పిల్లలకు చరిత్ర రావడం లేదన్న గోల కూడా పాతదే. 1943లో న్యూయార్క్ టైమ్స్ 7,000 మంది కాలేజీ మొదటి ఏడాది విద్యార్థుల్ని పరీక్షిస్తే, దేశానికి మూలమైన మొదటి 13 బ్రిటిష్ కాలనీల పేర్లూ చెప్పగలిగినవాళ్లు నూటికి ఆరుగురే. దేశం యుద్ధంలో ఉంది. సైనికులకు తమ చరిత్రే తెలియదా అని పత్రికలు గగ్గోలు పెట్టాయి.

ఆ తర్వాత వచ్చిందే ఏపీ, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో ప్రయోగంగా మొదలై 1955లో కాలేజీ ప్రవేశ పరీక్షలు నడిపే కాలేజీ బోర్డు అన్న సంస్థ చేతికొచ్చింది. తెలివైన పిల్లలు హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠం చదివి పరీక్ష రాస్తే, కాలేజీలో మళ్లీ అదే క్లాసులో కూర్చోనక్కర్లేదన్నది ఉద్దేశం. అందులో అమెరికా చరిత్ర కోర్సునే పిల్లలు 'ఏపుష్' అంటారు.

దీంట్లో అసలు మలుపు 1973. ఆ ఏడాది పరీక్షలో కొత్త రకం ప్రశ్న పెట్టారు, ఇప్పుడు అందరి నోటా నలిగే 'డీబీక్యూ' (డాక్యుమెంట్ బేస్డ్ క్వశ్చన్, అంటే పత్రాల ఆధారంగా రాసే ప్రశ్న) అదే. గుర్తున్నదంతా కక్కే వ్యాసం కాకుండా, కొన్ని పత్రాలు ముందు పెట్టి, వీటి ఆధారంగా నీ వాదన చెప్పు అన్నారు. ఇవాళ్టి పరీక్షలో అలాంటివి ఏడు పత్రాలుంటాయి. ఒక్కోదానికీ ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అని చెప్పే సోర్సు లైను. ఒకటి కార్టూన్, ఒకటి సెనేటర్ ప్రసంగం, ఇంకొకటి మిల్లు కూలీ రాసిన ఉత్తరం కావచ్చు. చదవడానికీ రాయడానికీ కలిపి గంట. మార్కులు ఏడు. వాదనకు ఒకటి, కాలసందర్భం చెప్పినందుకు ఒకటి, ఆధారాలకు మూడు. మిగిలిన రెండూ గట్టివి. ఈ మాట అన్నదెవరు, ఎవర్ని ఉద్దేశించి అన్నారు, అలా అనాల్సిన అవసరమేమిటి అని నిలదీస్తేనే ఒకటి, విషయంలోని చిక్కుముడిని పట్టుకుంటేనే ఇంకొకటి పడతాయి. పరీక్ష మొత్తం మూడుంబావు గంటలు. అందులో బిట్ల వాటా నూటికి 40, తక్కిన 60 రాతదే.

విచిత్రమేమిటంటే, తరగతి గది ఇలా ఆధారాల వైపు నడుస్తుంటే బయట రాజకీయం మాత్రం పేర్ల జాబితా దగ్గరే ఆగిపోయింది. 1994లో చరిత్రకు జాతీయ ప్రమాణాలు తయారైనప్పుడు చరిత్ర, సాహిత్యాలకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థకు మాజీ అధిపతి లిన్ చేనీ వాల్ స్ట్రీట్ జర్నల్‌లో పేర్లు లెక్కపెట్టింది: బానిసల్ని తప్పించిన నల్లజాతి వనిత హారియెట్ టబ్‌మన్ ఆరుసార్లు ఉంది, ఎడిసన్ ఒక్కసారీ లేడు అని. 1995 జనవరిలో సెనేట్ 99–1 ఓట్లతో ఆ ప్రమాణాల్ని ఖండించింది.

ఇరవై ఏళ్లకు అదే కథ ఏపుష్ మీదికొచ్చింది. 2014లో కోర్సును 1491 నుంచి నేటి వరకు తొమ్మిది పీరియడ్లుగా విడగొట్టి కొత్త చట్రం తెచ్చారు. ఇందులో దేశభక్తి లేదని రిపబ్లికన్ పార్టీ తీర్మానం చేసింది. కొలరాడోలో, డెన్వర్ పక్కనున్న జెఫర్సన్ కౌంటీలో, చట్టధిక్కారాన్ని ప్రోత్సహించే పాఠాలు ఉండకూడదని స్కూల్ బోర్డు ముందు ప్రతిపాదన వచ్చింది. ఆ సెప్టెంబరులో వందలాది పిల్లలు క్లాసులు వదిలి రోడ్డెక్కారు. నన్నడిగితే ఆ పిల్లలదే న్యాయం. చట్టధిక్కారం తీసేస్తే బోస్టన్ రేవులో పారబోసిన టీ ఏమవుతుంది, మాంట్‌గోమరీలో బస్సెక్కం అన్న నల్లవాళ్ల పోరాటం ఏమవుతుంది? మరుసటి ఏడాది నవంబరులో అక్కడి ఓటర్లు ముగ్గురు బోర్డు సభ్యుల్ని ఓటు వేసి పదవి నుంచి దించేశారు. అంతకుముందే, జూలైలో, కాలేజీ బోర్డు చట్రాన్ని సవరించి కొన్ని మాటలు కలిపింది, కొన్ని మెత్తబరిచింది. డీబీక్యూ మాత్రం ఎక్కడికీ పోలేదు.

మా అమ్మాయి పోయినేడు ఈ క్లాసులో వలసల చరిత్ర మీద రాసింది. తెలుగువాళ్లం ఇందరం ఇక్కడ ఉండడానికి దారి తీసిన 1965 వలస చట్టం ఎనిమిదో పీరియడ్‌లో వస్తుంది. దానికంటే ముందు ఏముందో వెతుకుతూ 1923 నాటి సుప్రీంకోర్టు తీర్పు దగ్గర ఆగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ తెల్లవాడు కాడు, కాబట్టి పౌరసత్వానికి అర్హుడు కాడు అన్న తీర్పు అది. మామూలు మనిషి ఎవర్ని తెల్లవాడంటాడో అదే లెక్క అని రాశాడు జస్టిస్ జార్జ్ సదర్లాండ్. ఇలా చెల్లదన్న పౌరసత్వం మనవాళ్లకు దొరకడానికి 1946 దాకా ఆగాల్సి వచ్చింది.

నేనైతే తేదీ, తీర్పు, ఫలితం రాసుకుని పుస్తకం మూసేసేవాణ్ణి. తను సోర్సు లైను దగ్గర పెన్సిల్‌తో గీత గీసి, ఈ సదర్లాండ్ ఎవరు నాన్నా అంది. ఇద్దరం కూర్చుని వెతికాం. ఇంగ్లండులోని బకింగమ్‌షైర్‌లో 1862లో పుట్టాడు. పసితనంలోనే అమ్మానాన్నలతో యూటా చేరాడు. అంటే అతనూ బయటి నుంచి వచ్చినవాడే. అమ్మాయి ఆ మాటను మార్జిన్‌లో రాసుకుని, తీర్పును మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలెట్టింది.