గ్రాంటు వద్దన్న బందరు బడి

ఎయిడెడ్ విద్యాసంస్థలంటే ప్రైవేటు యాజమాన్యాలు నడిపేవి, ప్రభుత్వం జీతాలిచ్చేవి. ఆంధ్రప్రదేశ్‌లో వాటిని ప్రభుత్వానికి అప్పగించే గొడవ 2021లో వీధికెక్కింది. ఆ ఏడాది నవంబరు 8న అనంతపురం ఎస్‌ఎస్‌బీఎన్ కళాశాల దగ్గర విద్యార్థులపై లాఠీలు లేచాయి. 12న ప్రభుత్వం యాజమాన్యాలకు నాలుగు దారులు చూపుతూ సర్క్యులర్ ఇచ్చింది. ఆస్తులతో సహా అప్పగించవచ్చు, సిబ్బందిని మాత్రమే ఇచ్చి సొంతంగా నడుపుకోవచ్చు, ఇదివరకటిలాగే ఎయిడెడ్‌గా ఉండిపోవచ్చు, అప్పగింతకు ఇదివరకు ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు.

అందరూ ఈ కథను ఆ ఆగస్టులో ఈ అప్పగింత కోసం వచ్చిన 42వ నంబరు జీవోతో మొదలుపెట్టారు. అసలు ముడి పడింది 1907లో. దాని ఫలితం చూడాలంటే బందరు (మచిలీపట్నం) వెళ్లాలి.

ఆ ఊళ్లో రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన మిషన్ బడి గురించీ, కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావుల స్నేహం గురించీ తెలియనివారు తక్కువ. 1854 నాటి ఉడ్ తాఖీదుతో ప్రైవేటు బడులకు గ్రాంటు పద్ధతి వచ్చింది. తనిఖీకి ఒప్పుకుంటే సర్కారు సాయం చేస్తుంది. అర్ధశతాబ్దం పాటు దీన్ని ఎవరూ పెద్దగా అనుమానించలేదు.

1905లో వంగదేశంలో కార్లైల్ సర్క్యులర్ వచ్చింది. విద్యార్థులు స్వదేశీ ఉద్యమంలోకి వెళితే ఆ బడికి గ్రాంటు ఆపేస్తామన్నది దాని బెదిరింపు. 1907 ఏప్రిల్‌లో వంగ స్వదేశీ నాయకుడు బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసాలు మన కోస్తా ఊళ్లను కుదిపేశాయి. ఆ ఊపులో పాల్గొన్న విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావును రాజమండ్రి ట్రెయినింగ్ కళాశాల బయటికి పంపింది. మే నెలలో భారత ప్రభుత్వ హోం కార్యదర్శి రిస్లే ఇచ్చిన సర్క్యులర్ అదే బెదిరింపును దేశమంతటికీ చేర్చింది. సాయంగా వచ్చిన డబ్బు కళ్లెంగా మారిందన్న సంగతి అప్పటికి అందరికీ తెలిసొచ్చింది.

బందరు మిత్రులు 1910లో తెరిచిన ఆంధ్ర జాతీయ కళాశాల దానికి జవాబు. సర్కారు గ్రాంటు తీసుకోలేదు, గుర్తింపు అడగలేదు. చందాలతో నడిచింది. పుస్తకాల చదువుతో పాటు వడ్రంగం, నేత, చిత్రలేఖనం నేర్పారు. పింగళి వెంకయ్య అక్కడ పాఠాలు చెప్పారు. వంగ చిత్రకారుడు ప్రమోద్ కుమార్ చటర్జీ శిష్యుల్లో అడివి బాపిరాజు ఒకరు. గుర్తింపు లేని చదువుతో సర్కారు ఉద్యోగం దొరకదు కాబట్టి అక్కడ పిల్లల్ని చేర్పించడమే ఒక తెగింపు. ఈ స్వేచ్ఛకు ఖరీదు తక్కువేమీ కాదు. 1922లో హనుమంతరావు మరణంతో దాని వెన్ను వంగింది.

స్వాతంత్ర్యం వచ్చాక పాత అనుమానం పోయింది. సర్కారు మనదే, ఇక గ్రాంటు తీసుకోవడానికి సంకోచం ఎందుకు? ఒకప్పుడు ఊరి పెద్దలు భూములూ విరాళాలూ ఇచ్చి నిలబెట్టిన బడులు ఒకదాని వెంట ఒకటి ఎయిడెడ్ అయ్యాయి. జీతాల భారం ఖజానా మీదికి వెళ్లింది.

2021లో ప్రభుత్వ వాదన పొట్టిది: జీతాలు మేమిస్తున్నాం, పిల్లలు తగ్గిపోయారు, ఎవరినీ బలవంతపెట్టడం లేదు. యాజమాన్యాలూ ఆ బడుల్లో పనిచేసినవారూ చెప్పింది కాస్త పొడుగు. పదవీ విరమణ చేసినవారి స్థానాల్లో ఏళ్ల తరబడి ఎవరినీ నియమించనివ్వలేదు. లెక్కల మాస్టారు లేని బడికి పిల్లలు వస్తారా? తగ్గించినవారే తగ్గుదలను కారణంగా చూపించారు. ఇక ఆ స్థలాలు ఇచ్చిన దాతలు చదువు కోసం ఇచ్చారు. వారి మనుమల తరంలో కార్యదర్శి ఒక సంతకంతో వాటిని బదిలీ చేయవచ్చా? కాకినాడలోనూ విశాఖలోనూ రోడ్డెక్కిన తల్లిదండ్రులకు ఈ ఆస్తుల గొడవ పట్టలేదు. తక్కువ ఫీజుతో దగ్గర్లో ఉన్న బడి పోతుందన్నదే వారి భయం.

రిస్లే విద్యార్థుల నడతకు షరతు పెట్టాడు. 2021 నాటి షరతు భూమి మీద. సర్క్యులర్‌లోని మూడో దారి పట్టిన సంస్థ ఎయిడెడ్ పేరు నిలుపుకుంటుంది. కొత్త నియామకాలు లేనంతకాలం ఖాళీ కుర్చీలో కూర్చునే మాస్టారి జీతం మాత్రం యాజమాన్యమే వెతుక్కోవాలి.