కుక్కకు కసి నేర్పొద్దు: పనిచేసే కుక్కల గురించి అపోహలు, వాస్తవాలు

మా తాత ఆనందపురం దగ్గర గొర్రెలు కాసేవాడు. ఆయనకు కరియ అనే నల్ల కుక్క ఉండేది. ఏ జాతో ఎవరికీ తెలియదు. పొద్దువాలి మంద ఇంటికి వస్తుంటే, వెనకబడిన పిల్ల కోసం తాత చెప్పకుండానే వెనక్కి పరిగెత్తేది. బడి లేని రోజుల్లో నేను దాని వెంటే తిరిగేవాణ్ణి. తర్వాత మా మేనమామ కేంద్ర బలగాల్లో డాగ్ హ్యాండ్లర్, అంటే కుక్కను నడిపించి పని చేయించేవాడు, అయ్యాడు. సెలవుకి వచ్చినప్పుడల్లా తన కుక్క కబుర్లే చెప్పేవాడు, నేను నిద్ర మానుకుని వినేవాణ్ణి. అప్పటి నుంచి నాకు వేరే పని చేయాలనిపించలేదు. ఇరవై ఏళ్లు దాటింది, విశాఖలోనే కుక్కలకు శిక్షణ ఇస్తున్నాను. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో కుక్కతో కనిపిస్తే చాలు, ఎవరో ఒకరు ఆపి అడుగుతారు. వాళ్లు నమ్మే మాటల్లో కొన్ని కుక్కల ప్రాణాల మీదికి తెస్తున్నాయి. అందుకే రాస్తున్నాను.

అపోహ: కట్టేసి, మనుషులకు దూరంగా పెంచితే కాపలా బాగా కాస్తుంది

గాజువాక వైపు ఒక గోదాముకు పిలిచారు. రెండేళ్ల జర్మన్ షెపర్డ్. పగలంతా రేకుల షెడ్డులో గొలుసుతో కట్టేసేవారు. అన్నంలో పచ్చిమిర్చి కలిపేవారట. "కసి పెరగాలి కదా సార్" అన్నాడు యజమాని. నేను లోపలికి అడుగు పెట్టగానే అది మూలకు నక్కి ఉచ్చ పోసుకుంది. ఇంకో అడుగు వేస్తే మీదికి దూకింది. ఆయన దాన్ని ధైర్యం అనుకున్నాడు. నాకు కనిపించింది భయం. అంతకు నెల ముందు అది కరిచింది దొంగను కాదు, రోజూ అన్నం పెట్టే వాచ్‌మన్‌ను.

భయపడే కుక్కకు దొంగా, పోస్ట్‌మ్యానూ, బంతి కోసం గోడ దూకిన పిల్లాడూ ఒకటే. పైగా దొంగ గట్టిగా కర్ర ఎత్తితే వెనక్కి తగ్గేదీ అదే. మిర్చితో పెరిగేది కడుపులో మంట మాత్రమే.

కాపలా కుక్క పునాది పిల్లగా ఉన్నప్పుడే పడుతుంది. మూడో వారం నుంచి దాదాపు పద్నాలుగో వారం వరకు చూసిందీ విన్నదీ దానికి మామూలు ప్రపంచం అవుతుంది. ఆ వయసులో పూర్ణా మార్కెట్ గోల, ఆటో హారన్లు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, చేతికర్రతో నడిచే ముసలాయన, అన్నీ చూడాలి. టీకాలు పూర్తికాలేదు, కుక్కపిల్లల ప్రాణాలు తీసే పార్వో జబ్బు వస్తుందేమోనని టెన్షన్ పడేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: నేల మీద దింపకండి, ఎత్తుకుని తిప్పండి. మామూలు ఏదో తెలిసిన కుక్కే తేడా వచ్చినప్పుడు పసిగడుతుంది.

చేతికి మందపాటి తొడుగు వేసుకుని కరిపించే శిక్షణ కూడా ఆటలాగే మొదలవుతుంది. పట్టుకోవడం కంటే "వదులు" అనగానే వదలడం మీద నేను ఎక్కువ రోజులు పెడతాను. వదలని కుక్కను కాపలాకు ఇవ్వను. ఆ షెపర్డ్‌తో ఏడు నెలలు కష్టపడ్డాను. కాపలాకు ఎప్పటికీ పనికిరాలేదు. ఇప్పుడు ఒక టీచరమ్మ ఇంట్లో ఉంది, గేటు చప్పుడైతే ఇప్పటికీ మంచం కిందికి వెళ్తుంది.

అపోహ: గంజాయి పట్టే కుక్కలకు ముందు గంజాయి అలవాటు చేస్తారు

ఏజెన్సీ నుంచి వచ్చే గంజాయి విశాఖ మీదుగా వెళ్తూ పట్టుబడుతుంటుంది కాబట్టి రైల్వే స్టేషన్‌లో జాగిలాన్ని చూసినవాళ్లంతా ఈ మాట అడుగుతారు. అలవాటు చేయరు. ఒంట్లోకి వెళ్తే కుక్కకు అది విషమే, దాన్ని తిననివ్వరు.

కుక్క వెతికేది తన బొమ్మను. చుట్టిన తువ్వాలునో బంతినో ఆ వాసనతో కలిపి దాస్తాం. దొరికితే హ్యాండ్లర్ దాంతో లాగుడు ఆట ఆడతాడు. వందల సార్లు ఇలా జరిగాక కుక్క మనసులో లెక్క కుదిరిపోతుంది: ఈ వాసన ఉన్నచోట నా ఆట ఉంది. ఆ తర్వాత వాసన దొరికిన చోట కదలకుండా కూర్చోవడం నేర్పిస్తాం. బాంబుల కుక్కకు ఇది మరీ ముఖ్యం, అది గోళ్లతో గీకితే ప్రమాదం. మన ముక్కులో వాసన పట్టే కణాలు 50, 60 లక్షలైతే కుక్కకు 20 నుంచి 30 కోట్ల దాకా ఉంటాయి. అంత ముక్కు ఉన్నా వెతకాలన్న ఇష్టం లేకపోతే అది పనిచేయదు.

1993 ముంబయి పేలుళ్ల తర్వాత 3 వేల కిలోలకు పైగా ఆర్‌డీఎక్స్ పేలుడు పదార్థాన్ని పట్టించిన జంజీర్ లాబ్రడార్. 2023 ఫిబ్రవరిలో టర్కీ భూకంపం శిథిలాల కింద ఆరేళ్ల పాప ఉందని మన ఎన్డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) బృందానికి తెలిపిన జూలీ కూడా లాబ్రడారే. జూలీ మొరిగాక నిర్ధారించుకోవడానికి రోమియో అనే రెండో కుక్కను పంపారు, అదీ అక్కడే మొరిగింది. ఈ సంగతి చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

అపోహ: ఖరీదైన జాతి కొంటే చాలు

సైన్యం వీడియోలు చూసి బెల్జియన్ మాలినాయిస్ కొంటున్నారు. మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉద్యోగానికి వెళ్లే భార్యాభర్తల మధ్య అది పిచ్చెక్కిపోతుంది. సోఫా చింపితే కుక్కది తప్పంటారు. పని కోసం పుట్టిన జాతికి పని లేకపోవడమే జబ్బు. రోజుకు రెండు గంటలు దానికి ఇవ్వలేకపోతే కొనకండి, బతిమాలుతున్నాను.

మంచి జాతిలో పుట్టిన పిల్లలన్నీ పనికి రావు. చప్పుడుకు బెదిరేవి, బంతి మీద ఆసక్తి లేనివి పక్కకు వెళ్తాయి. ఇంకోవైపు ఉత్తరాఖండ్ పోలీసులు ఒక వీధికుక్కకే శిక్షణ ఇచ్చి స్క్వాడ్‌లోకి తీసుకున్నారు. మన కోస్తాలోనే జోనంగి ఉంది. కురచ బొచ్చు, ముడతల నుదురు. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందలు కాసిన జాతి. బాతును నోట కరవకుండా మందను మళ్లించడానికి ఎంత నిగ్రహం కావాలో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. అలాంటి కుక్క మన కళ్లముందే అరుదైపోతోంది.

అపోహ: కుక్కకు ఇంగ్లీషే అర్థమవుతుంది

కుక్కకు భాష లేదు, శబ్దం ఉంది. అయితే తెలుగు ఇళ్లలో ఒక చిక్కు వస్తుంది. నాన్న "సిట్" అంటాడు, అమ్మ "కూర్చో నాన్నా" అంటుంది, నానమ్మ "కూకోయే" అంటుంది, పిల్లలు "కూర్చోమన్నానా!" అని అరుస్తారు. మనకు అన్నీ ఒకటే, కుక్కకు నాలుగు వేర్వేరు చప్పుళ్లు. నేను మొదటి రోజే ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి మాటలు ఖాయం చేస్తాను: కూర్చో, ఆగు, రా, వదులు. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అతికించమంటాను.

అపోహ: మనమే నాయకుడని కొట్టి చూపించాలి

గుంపును అణచి ఉంచే నాయకుణ్ణి "ఆల్ఫా" అంటారు. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు బోనులో ఉంచిన తోడేళ్ల మీద రాసిన పరిశీలన నుంచి పెరిగిన మాట ఇది. అడవిలో తోడేళ్ల గుంపు అంటే చాలావరకు తల్లి, తండ్రి, పిల్లలు. ఆ "ఆల్ఫా" మాట సరికాదని, దాన్ని వ్యాప్తి చేసినవారిలో ఒకరైన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ 1999లో స్వయంగా రాశారు. ఇక కొట్టడం సంగతి: పొద్దున పోసిన ఉచ్చకు సాయంత్రం కొడితే, మీరు ఇంటికి రావడమే తప్పని అది నేర్చుకుంటుంది.

అపోహ: ఏసీ ఉంటే హస్కీకైనా విశాఖ వాతావరణం సరిపోతుంది

హస్కీ మంచు ప్రాంతాల కుక్క. ఏసీ గదిలో ఉంచినా తిరగడానికి బయటికి రావాల్సిందే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ, నోటి తడి ఆరేటప్పుడు వేడిని వదులుతుంది. సముద్రపు గాలిలో అంత తేమ ఉంటే ఆ తడి ఆరదు. అందుకే విశాఖ మే నెల దానికి అంత కష్టం. నేను ఉదయం ఏడు దాటాక పరిగెత్తించను. అరచేతి వెనుక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు పెట్టి చూస్తాను, కాలితే కుక్క పాదం కూడా కాలుతుంది. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 104 దాటి, తూలుతూ చొంగ కారుస్తుంటే వెంటనే ఒళ్లంతా చల్లటి నీళ్లు పోసి, ఫ్యాన్ గాలి తగలనిచ్చి డాక్టర్ దగ్గరకు పరిగెత్తండి. తడి దుప్పటి కప్పి వదిలేయొద్దు, లోపలి వేడి అక్కడే ఆగిపోతుంది.

అపోహ: వయసైపోయిన కుక్కకు అన్నం, నీడ చాలు

మా ఇంట్లో పన్నెండేళ్ల లాబ్రడార్ ఉంది. గోదాముల్లో సోదా పని చేసి, నడుం నొప్పి వల్ల ఆగిపోయింది. పని మానిన మొదటి నెల గేటు దగ్గర కూర్చుని కదిలేది కాదు, అన్నం సగం వదిలేసేది. పాత తువ్వాలు తీసి పెరట్లో దాచడం మొదలుపెట్టాక మళ్లీ గిన్నె నాకుతోంది. రోజుకు ఒక్కసారే, పది నిమిషాలకు మించకుండా. ఇవాళ తులసి కోట వెనక గోనెసంచి కింద పెట్టాను. రెండుసార్లు దాటి వెళ్లిపోయి, గాలి మళ్లగానే వెనక్కి తిరిగి వచ్చి, సంచి ముందు కూర్చుని నా వైపు చూసింది.